వాన రాకుండుట వార్త కాదా?

బంగాళాఖాతమున అల్పపీడనము ఏర్పడినదని తెలిసిన తోడనే ఆంధ్రదేశమంతయు మేలుకొనును. మచిలీబందరు రేవున ఎన్నవ నంబరు ప్రమాదసూచిక ఎగురవేసిరి, వేటకు పోయిన పడవలు ఎన్ని మరలి వచ్చినవి, ఏ లంకలో ఏ గట్టు తెగినది, ఏ పాఠశాలలో ఎందఱు తల దాచుకొనిరి అను సంగతులతో పత్రికల పుటలు నిండును. మంత్రులు మేడలు దిగి నీటిలో నడతురు. వరిచేను మునిగిన రైతు ముఖము రాష్ట్రమంతట అచ్చుపడును. ఇదంతయు తగినదే, మేము దీనిని ఆక్షేపింపము. తీరవాసుల దినచర్యలో గాలికిని నీటికిని గల స్థానమును తెలిసికొనుట లోకమునకే మేలు. మా ప్రశ్న వేఱు. ఆ సముద్రమునకు నూటయేబది మైళ్ళకు పైగా దూరమున, ఎఱ్ఱనేలల నడుమ, నలువది దినములు చినుకు రాలక ఒక పంట ఎండిపోయినచో ఆ సంగతి ఏ పుటలో అచ్చుపడవలెను?

అచ్చుపడుట లేదని మేము అనుట లేదు. ఎక్కడ అచ్చుపడుచున్నదో అదియే మా అభియోగము.

సోమందేపల్లి పెనుగొండకు దక్షిణముగా బెంగుళూరు-హైదరాబాదు రాజమార్గముపై నున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీ వఱకు అనంతపురము జిల్లాలోనిది. ఆనాటి నుండి పుట్టపర్తి ముఖ్యపట్టణముగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. జిల్లా పేరు మాఱినది గాని ఆకాశము మాఱలేదు. నైరృతి మేఘములు పడమటి కనుమలను దాటులోపల తమ బరువంతయు అచ్చటనే దించుకొని, ఇచ్చటికి వచ్చునప్పటికి గాలిగా మాత్రము మిగులును. ఈశాన్యపు వానలు తూర్పుతీరమున కురిసి కురిసి, మిగిలినచో మనకు విదుపును. ఈ రెండు ఋతువులకును తుదిపంక్తిలో కూర్చున్న సీమ యిది. అనంతపురపు సీమకు ఏటికి సాధారణ వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. దేశమున జైసల్మేరు తరువాత ఇంత తక్కువ వాన పొందు జిల్లా ఇదియే యని తఱచుగా చెప్పుదురు. ఆ కొలదిపాటి వానలోనైనను పెద్దభాగము సెప్టెంబరు, అక్టోబరు మాసములలోనే కురియును. విత్తనము పడవలసినది మాత్రము ఆరుద్ర, పునర్వసు కార్తెలలో. ఈ సీమలోని సమస్త దుఃఖమును ఈ రెండు వాక్యముల నడుమనే యున్నది.

తుపాను ఒకరాత్రిలో వచ్చి పోవును. కరవు అట్లు రాదు. ముంగారి మొదట ఒక పదునువాన పడును. రైతు ఆకాశమును నమ్మినవాడు కాడు; కాని పదును పోయినచో మరల రాదను భయమున, అప్పుతెచ్చిన వేరుశనగ విత్తనమును గొఱ్ఱుతో నేలలో పోయును. మొలక బాగుగనే వచ్చును. పచ్చని సాలులు చూచి దారిన పోవువారు ఈ ఏడు ఫలించినదందురు. పుష్యమి పోవును, ఆశ్లేష పోవును. మధ్యాహ్నములందు ఆకులు ముడుచుకొని సాయంకాలమున విప్పుకొనును. కొన్ని దినములకు సాయంకాలమున గూడ విప్పుకొనవు. మఖలో పూత వచ్చి ఊడలు నేలలోనికి దిగవలసిన సమయమున నేల ఇటుకవలె బిగిసి ఊడను లోనికి రానీయదు. అప్పుడే పంట పోయినది. కాని చేను ఇంకను పచ్చగనే కనబడుచుండును! చూచువారికి పంట యున్నది, రైతునకు లేదు. పుబ్బ, ఉత్తర కార్తెలలో వాన కురిసి చెట్టు గుబురుగా పెరిగినను పెఱికి చూచినచో వేళ్ళకు రెండు మూడు ఊచకాయలు. ఆ చెట్టు పశువులకు మేతయగును. ఏడాది సేద్యమునకు అదియే రాబడి. ఇట్టి నాశమునకు బొమ్మ తీయుటకేమున్నది? తెగిన గట్టు లేదు, కూలిన స్తంభము లేదు, పడవ యెక్కిన ఇల్లాలు లేదు. కావుననే అది వార్త కాలేదు.

ఇక ఊరిలోపలి సంగతి. బోరుబావులు వేయి అడుగులు దిగినను దుమ్మే పైకి వచ్చిన చోట్లు ఈ తాలూకాలలో తక్కువగా లేవు. మొదటి బోరు అప్పుతో, రెండవది భార్యమెడలోని బంగారముతో, మూడవది మొదటి రెండింటి మీది పంతముతో వేయుదురు. నీరు తగిలినవాడు నాలుగు మళ్ళు మల్బరీ పెట్టి, పట్టుపురుగులను సాకి, గూళ్ళను హిందూపురము విపణికి తీసికొనిపోవును. తగలనివాడు బెంగుళూరు బండి యెక్కును. అచ్చట మేడలకు ఇసుక మోయు చేతులలో మన చేతులు ఎన్నియో లెక్కింపుడు. ఇంటికి తాళము వేసి ముసలివారిని అరుగుపై విడిచిపోయిన వీథులు పండుగ దినములలో మాత్రమే నిండును. కదిరి వైపు నుండి కేరళమునకు పోయినవారి మాట యెత్తినచో మనకే సిగ్గగును.

ఇంకొక విచిత్రము చెప్పవలెను. ఇదే సోమందేపల్లిలో పట్టుమగ్గము నేయువారును కలరు. ధర్మవరము, హిందూపురముల వలెనే ఇచ్చటను చీరల నేతయే జీవనముగా గల కుటుంబము లనేకము. గుంటమగ్గమున కూర్చుండు నేతగానికి ముసురు పట్టినచో గుంటలో చెమ్మ యూరి పని నిలిచిపోవును. ఒకే వీథిలో ఒక యింట వాన కొఱకు మ్రొక్కుదురు, ప్రక్కయింట మగ్గము నానునని భయపడుదురు. ఆయినను వాన రాని యేట చేనుగలవాడు పెండ్లి వాయిదా వేయును. పెండ్లి వాయిదా పడినచో చీర ఎవరు కొందురు? కాబట్టి గుంటలో నీరు వచ్చినను రాకున్నను నేతగానికి నష్టమే. పల్లెలో వాన యను మాటకు ఇన్ని అర్థములున్నవి. రాజధానిలో కూర్చున్న వాతావరణ వ్యాఖ్యాతకు ఒకటే అర్థము: తేలికపాటి నుండి ఓ మోస్తరు.

పత్రికల మాట యెత్తితిమి. 1926లో అనంతపురమున పప్పూరి రామాచార్యులుగారు సాధన పత్రికను స్థాపించి ఈ సీమ గోడును వినిపించిరి. ఆకాలమున పత్రిక చిన్నది. కాని అందులోని మాట సీమ దాటి పోయెడిది. 1989లో ఈనాడు పత్రిక జిల్లాకొక అనుబంధము వెలువరించుట ఆరంభించెను. తక్కిన పత్రికలును ఆ త్రోవనే నడచినవి. దీనివలన జాతరయో, బడి పైకప్పో, గ్రామసభయో అచ్చునకెక్కినది; ఆ మేలును మఱచుట న్యాయము కాదు. కాని దానితోడనే ఒక గోడయు లేచినది. సోమందేపల్లిలో ఎండిన చేనిని పెనుగొండ, హిందూపురము, ధర్మవరముల వారు మాత్రమే చదువుదురు. వారికి తెలియనిదా అది? పొద్దున లేచి తలుపు తీసినచో కనబడునదే కదా! దానిని చదువవలసినవారు బెజవాడలోను, రాజమహేంద్రవరములోను, విశాఖపట్టణములోను ఉన్నారు. వారి చేతికి వచ్చు పత్రికలో ఆ పుట లేదు. దివిసీమలో గాలి వీచినచో అది అందఱి మొదటి పుట. పెనుగొండలో చినుకు రాలనిచో అది పెనుగొండ వారి లోపలి పుట. ఏడ్చువానికే వాని కన్నీటిని అమ్ము వ్యాపారమిది.

వార్త వలన ఒరుగునదేమి యని యెవరైన అడుగుదురేమో. తీరమును చూచియే సమాధానము చెప్పెదము. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు సుమారు పదివేలమంది చనిపోయిరి. దేశమంతయు ఆ వార్త విని వణకెను. ఆ వణకు వృథా పోలేదు. తుపాను ఆశ్రయ గృహములు వెలసినవి. హెచ్చరికలు ముందుగా నడచినవి. లక్షలమందిని ఒక్క దినమున తరలించుట అధికారులకు అలవాటైనది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును నేలమట్టము చేసినను మృతుల సంఖ్య నూటికి చేరలేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల యొద్ద తీరము దాటినప్పుడును ముందుగనే జనులను తరలించిరి. ఇది వార్త సాధించిన పని. అచ్చుపడినందున లోకము చూచినది, చూచినందున అడిగినది, అడిగినందున ప్రభుత్వము కదలినది. ఆ వరుసలో మొదటి మెట్టే మనకు లేదు. కరవునకు ఒకటవ నంబరు జెండా ఏ కొండపై ఎగురుచున్నది? పెనుగొండ కోట కంటె ఎత్తైన స్థలము కావలెనా?

మన పూర్వులు ఇంత గ్రుడ్డివారు కారు. వారు కరవులకు పేర్లు పెట్టిరి. నందన నామ సంవత్సరమున వచ్చినది నందన కరవు, ధాత నామ సంవత్సరమున వచ్చినది ధాత కరవు. 1876 నుండి 1878 వఱకు దక్షిణదేశమున లక్షలాది జనులను పొట్టన పెట్టుకొన్న ఆ ధాత కరవు పేరు తాతల నోట మనుమలకు వచ్చినది. నేటివారు తుపానులకు పేర్లు పెట్టి, కరవునకు ఉన్న పేరును తీసివేసిరి. 2016లో భారత వాతావరణ శాఖ తన వాడుక నుండి కరవు సంవత్సరము అను మాటను తొలగించి లోటు సంవత్సరము అనుట మొదలుపెట్టెను. శాస్త్రజ్ఞులకు వారి కారణములు ఉండవచ్చును. వానను కొలుచుట తమ పని, కరవును నిర్ణయించుట తమ పని కాదని వారనవచ్చును. కాని లోటు అనునది బొక్కసపు లెక్కలలోని మాట. లోటునకు ఎవరును గంజి పోయరు. 1952లో రాయలసీమలో గంజికేంద్రములు తెఱచినది లోటును చూచి కాదు, కరవును చూచి.

పేరు పోయిన తరువాత మిగిలినది కొలత. ఆ కొలత కథయు వినుడు. ఒక దినమున 2.5 మిల్లీమీటర్లు కురిసినచో అది శాఖవారి లెక్కలో వర్షదినము. కాలిన పెనమువంటి ఎఱ్ఱనేలపై ఆ రెండున్నర మిల్లీమీటర్లు మధ్యాహ్నము వఱకైన నిలువవు. 2016 నాటి కేంద్ర కరవు నిబంధనల ప్రకారము, వరుసగా మూడు నాలుగు వారములు, ప్రతివారమును సాధారణములో సగము కంటె తక్కువ కురిసిననే ఎండుకాలముగా లెక్కింతురు. మంచిది. మన సీమలో జూలై మాసపు సాధారణ వర్షమే 65 మిల్లీమీటర్ల ప్రాంతము, వారమునకు పదునైదు, అందు సగము ఏడో యెనిమిదో. మూడవ వారమున ఒక సాయంకాలము అంతపాటి జల్లు పడినదా, లెక్క మరల మొదటికి వచ్చును. ఏటేట కరవైన సీమలో సాధారణమనునదే కరవు కదా! ఆ సాధారణములో సగము అడిగినచో అడుగువారు దేనిని అడుగుచున్నారు?

అంతటితో ఆగలేదు. మండలకేంద్రములో వర్షమాపకమున్నది. మేఘము మండలమంతట సమానముగా కురియవలెనని ప్రభుత్వోత్తరువు లేదు. ఒక చెఱువు కట్టకు ఇటు తడిసి అటు పొడిగా నుండుట ఈ సీమలో బాలురును ఎఱిగినదే. వాతావరణాధార పంటల బీమాలో పరిహారమును నిర్ణయించునది చేను కాదు, నియమిత కేంద్రమున నున్న యంత్రము. యంత్రము తడిసినచో రైతు తడిసినట్లే! పంట పోయిన చేనిలో నిలిచి, ఎక్కడనో యొక కంచెలోపల కురిసిన వానకు సాక్ష్యము చెప్పవలసిన గతి రైతునకు పట్టినది. పిమ్మట నూటికి పది గ్రామములలో చేలను పరీక్షింతురు, పిమ్మట జాబితా, అక్టోబరు 30వ తేదీ లోపల ఖరీఫ్ కరవును ప్రకటింపవలెనని నియమము. మఖలో చచ్చిన పంటకు స్వాతిలో మరణపత్రము! అప్పటికి చెట్టు పెఱికి వామి వేసి, ఉన్న కూలీలు ఊరు విడిచి పోయియుందురు.

ప్రభుత్వములు ఏమియు చేయలేదనుట అసత్యము. చేసినవి చాల కలవు, పేర్లును అందమైనవే. 2000లో నీరు-మీరు, 2015లో నీరు-చెట్టు. నడుమ విమానములు ఎగురవేసి మేఘమథనము చేసిరి. 2016 ఆగస్టులో రెయిన్‌గన్నులు తెచ్చి, ఎండుచున్న వేరుశనగపై నీరు చిమ్మి, కరవును జయించితిమని చాటించిరి. గన్నునకు నీరు ఎచ్చట నుండి రావలెనని రైతు అడిగినాడు. ఆ ప్రశ్న వార్త కాలేదు; గన్ను వార్తయైనది. చూడదగిన వేడుక యున్న చోటికే మన కన్ను పోవునని చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకమును దేశమున మొట్టమొదట అనంతపురము జిల్లాలోని బండ్లపల్లిలోనే ఆరంభించిరి. ఆ పథకము వలన అనేక గృహములలో పొయ్యి వెలిగినది, నిజము. బండ్లపల్లిని ఎందులకు ఎన్నుకొనిరో మాత్రము ఆలోచింపుడు. అది కీర్తి యని మురియువారు కొందఱున్నారు.

వేడుక లేని పని యొకటి కలదు. అది చెఱువు. 1369 నాటి పోరుమామిళ్ళ శాసనము చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములను వరుసగా చెప్పుచు, ఉండకూడని దోషములను గూడ చెప్పినది. విజయనగర ప్రభువుల కాలపు మాట అది. ఆ ప్రభువులు 1565 తరువాత పెనుగొండ చేరినది కోట యున్నందుననే కాదు. ఈ ఱాతిసీమలో బ్రతుకు నిలుపు చెఱువులు ఉన్నందునను. నేడు ఆ చెఱువుల గతి చూడుడు. కట్ట యున్నది, తూము ఉన్నది, నీరు తెచ్చు వాగుకాలువ లేదు. దానిపై ముళ్ళతుమ్మ పెరిగినది, లేదా ఇండ్లస్థలములు వెలసినవి, లేదా బాట సాగినది. పూడిక తీయుటకు గుత్తలు పలుకును. కాలువ ఆక్రమణ తీయుటకు ఎవరును పలుకరు, ఏలయన పూడిక తీసినచో బిల్లు వచ్చును, ఆక్రమణ తీసినచో ఓటు పోవును. 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వములు పెన్న, చిత్రావతి మొదలగు నదుల నీటిని గూర్చి ఒడంబడిక చేసికొన్నవి. ఎగువ నుండి దిగువకు నీరు విడువవలెనని రాజ్యములు వ్రాసికొనిన ఆ ధర్మము, ఒక పల్లె చెఱువునకును దాని వాగునకును నడుమ లేకపోయెను!

కృష్ణాజలము వచ్చినది కదా యనువారున్నారు. వచ్చినది, సంతోషము. హంద్రీ-నీవా కాలువ వెంట శ్రీశైలము నీరు ఎత్తిపోతల మీద ఎత్తిపోతలుగా ఎక్కి 2016లో పెనుగొండ యొద్ద గొల్లపల్లి జలాశయమునకు చేరినది. ఆ దినమున కన్నీరు పెట్టిన ముసలివారి ఆనందమును మేము చులకన చేయము. అయితే 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ గృహమున పెద్దలు వ్రాసికొన్న ఒడంబడికలో తుంగభద్ర, కృష్ణ, పెన్న జలములలో రాయలసీమకు ప్రథమస్థానము ఈయవలెనని యున్నది. దానిపై సంతకము చేసినవారిలో హిందూపురపు కల్లూరు సుబ్బారావుగారును కలరు. ప్రథమస్థానమని వ్రాసినది వరదనీటి మిగులుగా ఎట్లు మాఱినది? 1937 నుండి 2016 వఱకు ఎన్ని తరములు గడచినవి? వచ్చిన నీటిలోను త్రాగునీటికి ఎంత, పరిశ్రమకు ఎంత, చెఱువునకు ఎంత అను లెక్క ప్రతి గ్రామసభ యెదుట ఎందుకు ఉంచరు? ఎఱ్ఱమంచిలో మోటారుకార్లు చేయు కర్మాగారము 2019 నుండి నడచుచున్నది. మన బిడ్డలకు కొందఱకైన పని దొరకినది. మేము దానికి శత్రువులము కాము. కాని కారునకు నీటివాయిదా తప్పదని, చెఱువునకు నీటివాయిదా లేదని యున్నచో అది న్యాయము కాదు.

ఈ సీమవారు వేరుశనగ మానినచో సరిపోవును గదా యని తీరపు మిత్రులు హితము చెప్పుదురు. కొఱ్ఱ, ఆరిక, సజ్జ, రాగి తిని బ్రతికిన సీమ యిది. ఆ సంగతి మాకు ఎవరును నేర్పనక్కఱలేదు. అప్పిచ్చువాడు వేరుశనగకే అప్పిచ్చెను, మిల్లువాడు వేరుశనగనే కొనెను, విత్తనపు రాయితీ వేరుశనగకే వచ్చెను. కొఱ్ఱ పండించినవాడు సంతలో ఎవరి కొఱకు నిలువవలెను? డెల్టాలో వరి మునిగినప్పుడు వరి మానుమని మేమెన్నడైన అంటిమా?

మేము కోరునవి పెద్దవి కావు. పత్రికలు ఈ యేడు మృగశిర మొదలు స్వాతి వఱకు, తుపాను గాలివేగమును ముద్రించు చోటనే, మొదటి పుటలో, అన్ని జిల్లాల ప్రతులలోను, వానలేని దినముల లెక్కను మండలము పేరుతో ముద్రింపవలెను. సోమందేపల్లి, పదునెనిమిది దినములు. మఱునాడు పందొమ్మిది. ఇరువది. అంత చాలును, సంపాదకీయములు మాకు వలదు. ప్రభుత్వము ప్రతి గ్రామమునకును ఒక వర్షమాపకము పెట్టి, దాని లెక్కను గ్రామసచివాలయపు గోడపై ప్రతి ఉదయమును వ్రాయింపవలెను. బీమా ఆ గోడను చూచి ఈయవలెను. కరవు నిర్ణయము అక్టోబరు చివర కాక, ఊడలు దిగవలసిన మఖ కార్తెలోనే ఒకసారి, పంట పెఱికిన పిమ్మట మఱొకసారి చేయవలెను. మొదటిది జరిగిననాడు పనులు తెఱచి, మేత తెచ్చి, అప్పు వసూళ్ళు నిలుపవలెను. అప్పుడు బెంగుళూరు బండి యెక్కవలెనా, ఊరిలో నిలువవలెనా అని ఆలోచించుకొనుటకు సోమందేపల్లి కుటుంబమునకు రెండు మాసముల గడువైన దొరకును.